లండన్ ‘రాయల్ వాక్’ సమీక్ష: కథలు బాగున్నాయి, ప్రకటనే బాగాలేదు

లండన్‌లో సెయింట్ జేమ్స్ పరిసరాల్లోని రాజభవనాల చుట్టూ నడిపిస్తూ కథలు చెప్పే టూర్లు చాలానే ఉన్నాయి. వాటిలో ఒక చిన్న సంస్థ నడిపే రెండున్నర గంటల ఉదయపు టూరు గురించి ఈ సమీక్ష. టికెట్ మనిషికి 25 పౌండ్లు. నేను ఎత్తిచూపబోయే లోపం ఈ తరహా వ్యాపారంలో చాలామందికి ఉన్నదే కనుక సంస్థ పేరు రాయడం లేదు. వారి ప్రకటనలో అందరి కళ్లూ పడేలా పెద్ద అక్షరాల్లో ఒక వాక్యం ఉంటుంది: దారిలో రాజకుటుంబ సభ్యులెవరైనా మీకు ఎదురుపడవచ్చు. మా అత్తగారు లండన్ వచ్చినప్పుడు తిరగవలసిన చోట్ల జాబితాలో ఈ టూరును మొదటికి జరిపింది ఆ వాక్యమే.

టూరు సెయింట్ జేమ్స్ ప్యాలెస్ ముందు మొదలవుతుంది. ఎనిమిదో హెన్రీ 1530ల్లో కట్టించిన ఈ ఎర్ర ఇటుకల భవనాన్ని చాలామంది పర్యాటకులు ఒక ఫోటో తీసుకుని దాటిపోతారు. మా గైడు మాత్రం ఇక్కడే ఇరవై నిమిషాలు నిలబెట్టింది. 1712లో రెండున్నరేళ్ల ఒక పిల్లవాడిని అతని తల్లి లిచ్‌ఫీల్డ్ నుంచి లండన్ దాకా తీసుకొచ్చిందని, మెడలో గ్రంథులు వాచే గండమాల వ్యాధితో ఉన్న ఆ బిడ్డను యాన్ రాణి చేతితో తాకిందని ఆమె చెప్పింది. రాజు చేయి తగిలితే ఆ రోగం నయమవుతుందని ఇంగ్లండులో శతాబ్దాల పాటు నమ్మారు. రెండో చార్లెస్ తన పాలనలో ఇలా వేలాది మందిని తాకాడు, యాన్ తరువాత వచ్చిన మొదటి జార్జి ఆ ఆచారాన్ని ఆపేశాడు. పిల్లవాడికి రోగమైతే తగ్గలేదు గాని, రాణి మెడలో వేయించిన బంగారు నాణేన్ని మాత్రం అతను జీవితాంతం ధరించాడు. అతను ఒక పుస్తకాల వ్యాపారి కొడుకు, పేరు శామ్యూల్ జాన్సన్, తరువాత ఇంగ్లీషు నిఘంటువు తయారు చేసినవాడు. గైడు ఆ కథను అక్కడికి ఆపి, ఇతను మళ్లీ రాజుగారిని కలుస్తాడు, ఎక్కడన్నది తరువాత చెబుతానని ముందుకు కదిలింది. కథ చెప్పడం తెలిసిన మనిషి అని అప్పుడే అర్థమైంది.

కాపలా మార్పిడిని చూపించే తీరులో కూడా ఈ టూరు తెలివిగా ఉంది. సోమ, బుధ, శుక్ర, ఆదివారాల్లో సాధారణంగా ఉదయం పదకొండు గంటలకు బకింగ్‌హామ్ ప్యాలెస్ ముందు ఈ తంతు జరుగుతుంది, దానికి టికెట్ లేదు. అయితే ప్యాలెస్ ఇనుప గేట్ల దగ్గర ముందు వరుసలో నిలబడాలంటే గంటకు పైగా ముందే వెళ్లాలి, వెనకపడితే ఎదుటివారి వీపులూ ఫోన్లూ తప్ప మరేమీ కనబడవు. గైడు మమ్మల్ని అటు తీసుకువెళ్లకుండా సెయింట్ జేమ్స్ ప్యాలెస్ ముంగిలి అయిన ఫ్రయరీ కోర్ట్ పక్క కాలిబాట మీద నిలబెట్టింది. సెయింట్ జేమ్స్ కాపలాదారుల దళం అక్కడే వరుస తీరి, తనిఖీ ముగించుకుని, బ్యాండుతో ప్యాలెస్ వైపు సాగుతుంది. రెండు గజాల దూరంలో బూట్ల చప్పుడు వింటూ, ఎలుగుబంటి తోలు టోపీ కింద చెమట పట్టిన పంతొమ్మిదేళ్ల కుర్రవాడి ముఖాన్ని చూడగలిగాం. ఆ వయసు నా ఊహే. టికెట్ డబ్బుల్లో సగం ఈ చోటు చూపించినందుకే చెల్లిపోయాయని నా అభిప్రాయం.

అక్కడి నుంచి మాల్ అనే ఎర్రటి రాజమార్గం మీదికి వచ్చాక టూరు అసలు విషయంలోకి వెళ్లింది. ప్యాలెస్ మీద ఎగురుతున్న జెండాను చూపించి, రాజు లోపల ఉన్నదీ లేనిదీ ఎలా తెలుసుకోవాలో గైడు వివరించింది. సింహాలూ వీణా ఉన్న రాయల్ స్టాండర్డ్ ఎగిరితే రాజు ఉన్నట్టు, బ్రిటన్ జాతీయ జెండా ఎగిరితే లేనట్టు. ఇది ఎప్పటి నుంచో ఉన్న పద్ధతి అనుకుంటాం గాని, 1997 సెప్టెంబరుకు ముందు రాజు గాని రాణి గాని లేనప్పుడు ఆ స్తంభం ఖాళీగానే ఉండేది. ఆ ఏడాది ఆగస్టు 31న డయానా మరణించినప్పుడు ఎలిజబెత్ రాణి స్కాట్లండ్‌లోని బాల్మోరల్ కోటలో ఉంది, కనుక నియమం ప్రకారం లండన్ ప్యాలెస్ మీద జెండా లేదు. గేట్ల ముందు పూలగుత్తులు గుట్టలుగా పేరుకుంటున్న ఆ రోజుల్లో, అవనతం చేయడానికి అసలు జెండాయే లేకపోవడం జనానికి మింగుడు పడలేదు. పత్రికలు మండిపడ్డాయి. సెప్టెంబరు 6న అంత్యక్రియలకు రాణి ప్యాలెస్ నుంచి బయలుదేరాక జాతీయ జెండాను అవనతంగా ఎగరేశారు, అప్పటి నుంచి అది అక్కడ ఉంటూనే ఉంది. జనం ఆసక్తికి రాజభవనం ఎంత లొంగుతుందో చెప్పడానికి ఇంతకన్నా మంచి ఉదాహరణ నాకు తోచదు. మేము వెళ్లిన రోజు ఎగురుతున్నది జాతీయ జెండాయే.

అంటే రాజుగారు ఆ ప్యాలెస్‌లో లేరు. ఉండే అవకాశం కూడా తక్కువే. బకింగ్‌హామ్ ప్యాలెస్‌లో పాత విద్యుత్తు తీగలు, నీటి గొట్టాలు మార్చే పని 36.9 కోట్ల పౌండ్ల అంచనాతో 2017లో మొదలైంది, మూడో చార్లెస్ పట్టాభిషేకం తరువాత కూడా నివాసాన్ని దగ్గరలోనే ఉన్న క్లారెన్స్ హౌస్‌లోనే ఉంచుకున్నారు. ఇదంతా చెప్పిన గైడే, సరిగ్గా అయిదు నిమిషాల తరువాత నల్లటి అద్దాల కారొకటి మాల్ మీదుగా మెల్లగా వెళ్తుంటే, ‘చూడండి, ఎవరైనా కావచ్చు!’ అని గొంతు పెంచింది. అది విని మా గుంపులోని వాళ్లే కాదు, ఏమీ వినని పక్కవాళ్లు కూడా ఫోన్లు ఎత్తారు. ఒక తండ్రి పిల్లను భుజాల మీదికి ఎక్కించాడు. కొందరు చేతులు ఊపారు. కారు లోపల ఏ కదలికా కనబడలేదు.

‘అందులో ఉన్నది రాజుగారేనా అమ్మా?’ అని మా అత్తగారు నన్ను అడిగారు.

‘తెలియదు అత్తయ్యా, ఎవరికీ తెలియదు.’

‘ఎవరో తెలియకుండానే ఇంతమంది ఊపుతున్నారా!’ అని ఆవిడ ఆశ్చర్యపోయి, ఒక క్షణం ఆగి తానూ చెయ్యి ఊపారు.

నాకు నచ్చనిది ఇదే. ఆ కారు ఉద్యోగిదో, అతిథిదో, అటుగా వెళ్తున్న మరెవరిదో కావచ్చు. గైడుకు తెలియదు, తెలుసుకునే వీలూ లేదు. ప్రకటనలోని వాక్యాన్ని నిలబెట్టడానికి ఆమె ఆ కేక వేయవలసి వచ్చిందని నా అనుమానం. అంత చక్కగా చరిత్ర చెప్పే మనిషి చేత ఆ పని చేయించడం సంస్థ చేస్తున్న పొరపాటు.

ఎందుకంటే అనుకోని కలయికల కథలు ఆమె దగ్గర పుష్కలంగా ఉన్నాయి, వాటికి నల్లటి కార్ల అవసరం లేదు. విక్టోరియా స్మారకం మెట్ల మీద కూర్చోబెట్టి జాన్సన్ కథను ఆమె పూర్తి చేసింది. ఇప్పటి ప్యాలెస్ ఉన్న చోట అప్పట్లో క్వీన్స్ హౌస్ అనే భవనం ఉండేది. అందులోని గ్రంథాలయంలో చదువుకోవడానికి జాన్సన్‌కు అనుమతి ఉంది. 1767 ఫిబ్రవరిలో ఒకరోజు ఆయన నిప్పు పక్కన పుస్తకంలో మునిగి ఉండగా, గ్రంథాలయాధికారి వెళ్లి రాజుకు సంగతి చెప్పాడు, మూడో జార్జి స్వయంగా అక్కడికి వచ్చాడు. చెవిలో మెల్లగా చెప్పేదాకా జాన్సన్ తల ఎత్తలేదట. ఆక్స్‌ఫర్డ్ గ్రంథాలయాల గురించి మాట్లాడుకున్నాక, ఇప్పుడేమైనా రాస్తున్నారా అని రాజు అడిగాడు. తనకు తెలిసినదంతా దాదాపు చెప్పేశానని, రచయితగా తన వంతు అయిపోయిందని జాన్సన్ అన్నాడు. మీరు అంత బాగా రాసి ఉండకపోతే నేనూ అలాగే అనుకునేవాడినని రాజు జవాబిచ్చాడు. ఆ ప్రశంసకు ఏమైనా బదులు చెప్పారా అని తరువాత మిత్రులు అడిగితే, రాజుతో మర్యాదల్లో పోటీ పడడం నా పని కాదన్నాడట. ఆ గ్రంథాలయంలోని పుస్తకాలు ఇప్పుడు బ్రిటిష్ లైబ్రరీలో అంతస్తుల ఎత్తున గాజు గోడల వెనక ఉన్నాయి, వాటిని చూడడానికి రుసుము లేదు.

ఎలిజబెత్ రాణి మాజీ అంగరక్షకుడు రిచర్డ్ గ్రిఫిన్ 2022లో టీవీలో చెప్పిన సంఘటనను కూడా గైడు చక్కగా అభినయించి చూపింది. బాల్మోరల్ కొండల్లో రాణి, ఆయనా నడుస్తుండగా ఇద్దరు అమెరికన్ పర్యాటకులు ఎదురయ్యారు. తలకు రుమాలు కట్టుకున్న పెద్దావిడను వాళ్లు గుర్తుపట్టలేదు. ఎక్కడుంటారని అడిగితే, లండన్‌లో ఉంటానని, ఇక్కడ కొండల అవతల సెలవులకు ఒక ఇల్లు ఉందని, చిన్నప్పటి నుంచీ వస్తున్నానని ఆమె చెప్పింది. అయితే మీరు రాణిని ఎప్పుడైనా కలిశారా అని అడిగితే, తాను కలవలేదని, ఈయన మాత్రం తరచూ కలుస్తుంటాడని గ్రిఫిన్ వైపు చూపించింది. దాంతో వాళ్లు ఆయనతో ఫోటో దిగారు, ఆ ఫోటో తీయమని కెమెరాను రాణి చేతికే ఇచ్చారు. తరువాత ఆమెతోనూ ఒక ఫోటో దిగారు గాని, ఆమె ఎవరో ఆ ఇద్దరికీ చివరిదాకా చెప్పలేదు.

1945 మే 8 రాత్రి సంగతి మరొకటి. యూరప్‌లో యుద్ధం ముగిసిన ఆ రాత్రి పందొమ్మిదేళ్ల ఎలిజబెత్, పద్నాలుగేళ్ల మార్గరెట్ తల్లిదండ్రుల అనుమతితో, కొందరు తోడుగా, ఇదే మాల్ మీద జనంలో కలిసిపోయారు. ఎవరూ గుర్తుపట్టకుండా ఎలిజబెత్ సైనిక టోపీని కళ్ల మీదికి లాక్కుంటే, వెంట ఉన్న ఒక అధికారి యూనిఫాం సరిగ్గా లేని మనిషితో తాను నడవనన్నాడని, దాంతో టోపీ సరిచేసుకోవలసి వచ్చిందని ఆమె ఎన్నో ఏళ్ల తరువాత గుర్తు చేసుకుంది. ప్యాలెస్ ముందుకు వచ్చి, రాజు కావాలి అని కేకలు వేస్తున్న జనంతో కలిసి ఆ అక్కాచెల్లెళ్లు కూడా కేకలు వేశారు. బాల్కనీలోకి వచ్చింది వాళ్ల నాన్న. ఆ రాత్రి యువరాణి పక్కన నిలబడి అరిచిన వాళ్లలో ఎంతమందికి ఆ సంగతి తెలిసి ఉంటుంది!

ఈ కథలన్నింటిలో నాకు తోచినది ఒకటుంది, గైడు కూడా నడుస్తూ నాతో దాదాపు అదే అన్నది. అనుకోని కలయికలు జనం కాచుకుని లేని చోట్లే జరిగాయి. జనం కాచుకున్న చోట జరిగేది ఏర్పాటు చేసిన కలయిక. రాజకుటుంబీకులు కారు దిగి జనం మధ్య నడుస్తూ చేతులు కలిపే పద్ధతిని 1970లో ఆస్ట్రేలియా, న్యూజిలాండ్ పర్యటనలో ఎలిజబెత్ రాణి మొదలుపెట్టింది. చూసేవారికి అది యాదృచ్ఛికంగా కనబడినా, ఏ వైపు కంచె వెంబడి నడవాలో ముందే నిర్ణయమై ఉంటుంది. ‘దూరం నుంచి వచ్చారా’ అని జనాన్ని రాణి తరచూ అడిగే ప్రశ్న కూడా ఆ ఏర్పాటులో భాగమే. అయినా ఆ ఒక్క మాటను జీవితమంతా చెప్పుకునే వాళ్లున్నారు, వాళ్ల ఆనందాన్ని నేను తక్కువ చేయను. 2022 సెప్టెంబరులో వెస్ట్‌మినిస్టర్ హాల్‌లో ఆమె శవపేటికను కొన్ని క్షణాలు చూడడానికి దాదాపు రెండున్నర లక్షల మంది రాత్రింబవళ్లు వరుసలో నిలబడ్డారు.

సెయింట్ జేమ్స్ పార్కు భాగం కొంత హడావుడిగా సాగింది. రెండో చార్లెస్ ఇక్కడ కుక్కలను వెంటేసుకుని నడుస్తూ, బాతులకు మేత వేస్తూ జనంతో కలిసిపోయేవాడని, 1664లో రష్యా రాయబారి కానుకగా ఇచ్చిన పెలికన్ పక్షులతో ఇక్కడి సంప్రదాయం మొదలైందని చెప్పి వదిలేశారు. ఎవరైనా ఎదురైతే ఎలా నడుచుకోవాలన్న చిన్న పాఠం మాత్రం ఉపయోగకరంగా ఉంది: తప్పనిసరి నియమమేదీ లేదు, ఇష్టమైతే మగవారు తల కొద్దిగా వంచవచ్చు, ఆడవారు మోకాళ్లు కొద్దిగా వంచవచ్చు, సంతకాలు అడగకూడదు.

వసతుల విషయంలో ఫిర్యాదులున్నాయి. చిన్న బృందమని ప్రకటించి పెద్ద గుంపునే తీసుకువెళ్లారు. గైడు మాటలు వినడానికి చెవికి పెట్టుకోమని ఇచ్చిన పరికరాలు బ్యాండు దగ్గరికి రాగానే పనికిరాకుండా పోయాయి, మా అత్తగారి పరికరం మధ్యలోనే ఆగిపోతే మార్చి ఇవ్వడానికి మరొకటి లేదు. వాన పడితే కాపలా మార్పిడి రద్దు కావచ్చు, అప్పుడు డబ్బు వాపసు ఉండదన్న సంగతి టికెట్ కొన్న తరువాత వచ్చే ఈమెయిల్ అడుగున మాత్రమే ఉంటుంది. ఎక్కువసేపు నిలబడలేని పెద్దవారికి ఈ టూరు కష్టం, కూర్చునే అవకాశం స్మారకం మెట్ల దగ్గర ఒక్కసారే వస్తుంది.

చరిత్ర మీద ఆసక్తి ఉన్నవారికి ఈ టూరును సిఫారసు చేస్తాను, అయిదులో మూడున్నర ఇస్తాను. రాజుగారిని కళ్లారా చూడాలన్నదే కోరికైతే 25 పౌండ్లు దాచుకోండి. రాజకుటుంబం వెళ్లబోయే బహిరంగ కార్యక్రమాలు వారి అధికారిక వెబ్‌సైటులో ముందే కనబడతాయి, క్రిస్మస్ ఉదయం తమ సాండ్రింగ్‌హామ్ ఎస్టేటులోని చర్చికి వారు నడిచి వెళ్లడం చూడడానికి ఏటా జనం చేరుతారు, జూన్‌లో ఒక శనివారం రాజు అధికారిక పుట్టినరోజుకు జరిపే ‘ట్రూపింగ్ ద కలర్’ సైనిక ఊరేగింపు ఈ మాల్ మీదుగానే సాగుతుంది. రోడ్డు పక్కన నిలబడి చూడడానికి ఆ రోజు టికెట్ అక్కర్లేదు. ఈ సంస్థ మాత్రం ఆ రోజు టూరు నడపదు.