టులుంలో గుహ డైవింగ్ ప్యాకేజీ కొంటున్నారా? డబ్బు కట్టే ముందు ఇది చదవండి

మెక్సికోలోని టులుంలో ఒంటరిగా తిరిగే బ్యాక్‌ప్యాకర్ల కోసం గుహ డైవింగ్, బీచ్ కలిపి ఒక ప్యాకేజీ అమ్ముతున్నారు. ఓపెన్ వాటర్ కార్డు (డైవింగ్‌లో మొదటి మెట్టు సర్టిఫికెట్) ఉంటే చాలట, గ్రూపులో నలుగురేనట, గైడ్‌కి ఫుల్ కేవ్ సర్టిఫికేషన్ ఉందట, సాయంత్రం బీచ్ క్లబ్ ఫ్రీ అట. నేను కొన్నది అదే. బీచ్ సంగతి డబ్బుతో పోయింది, సరే. నీళ్ళ కింద జరిగింది మాత్రం ప్రాణాల మీదికి తెచ్చేది. డల్లాస్, హ్యూస్టన్ నుంచి లాంగ్ వీకెండ్‌కి టులుం వైపు వెళ్ళడానికి కాన్‌కూన్ టికెట్లు కొనే మనవాళ్ళు చాలామంది ఉన్నారు కాబట్టి వివరంగా రాస్తున్నాను.

అక్కడి సెనోటేలు మన బొర్రా గుహల్లాంటి సున్నపురాయి గుహలే. మంచుయుగం తర్వాత సముద్రమట్టం పెరిగి నీళ్ళలో మునిగిపోయాయి. లోపలి సొరంగాలు ఒకదాంతో ఒకటి కలిసి ఎంత దూరం పోతాయంటే, సాక్ అక్తున్, దోస్ ఓహోస్ గుహలు రెండూ ఒకటేనని 2018లో తేలినప్పుడు మొత్తం పొడవు 347 కిలోమీటర్లని లెక్కేశారు. అందుకే మామూలు డైవింగ్ కార్డున్న టూరిస్టుని పగటి వెలుతురు కనిపించే భాగం వరకే తీసుకెళ్ళాలి. దీన్ని కావెర్న్ డైవ్ అంటారు. బయటి నీటి పైభాగం నుంచి మొత్తం దూరం 60 మీటర్లు దాటకూడదు, ఒక గైడ్ వెంట నలుగురిని మించకూడదు, ముందే కట్టి ఉంచిన తాడు పక్కనే పోవాలి. వెలుతురు దాటిందంటే అది అసలైన కేవ్ డైవింగ్, దాని ట్రైనింగే వేరు. ఏదైనా తేడా వస్తే నేరుగా పైకి రాలేం, తలపైన ఉండేది రాయి.

నన్ను ఎక్కించుకున్న వ్యాన్‌లో ఏడుగురం, గైడ్ ఒక్కడే. రెండో గైడ్ అక్కడికే వస్తాడన్నారు, రాలేదు. సర్టిఫికేషన్ చూపించమంటే నవ్వుతూ ఫోన్‌లో ఒక ఫొటో చూపించాడు. అందులో డైవ్‌మాస్టర్ అని ఉంది తప్ప కేవ్ ఊసే లేదు. కేవ్ గైడ్లు సాధారణంగా రెండు సిలిండర్లతో దిగుతారు, ఇతని వీపు మీద మాలాగే ఒక్కటే. అక్కడే డబ్బు తిరిగి ఇమ్మన్నాను. ఆఫీసులో మాట్లాడుకో అన్నాడు. చుట్టూ అడవి, వచ్చిన వ్యాన్ వాళ్ళది. ‘వెలుతురు దాటి రాను’ అని అందరి ముందూ చెప్పి దిగాను, సరేనని తలూపాడు.

మొదటి సగం నిజంగా అద్భుతంగా ఉంది, అబద్ధం చెప్పను. తర్వాత మంచినీళ్ళ పొర, కింది ఉప్పునీళ్ళ పొర కలిసే చోటికి వచ్చాం. ముందున్నవాళ్ళు అందులోంచి ఈదుకుంటూ పోతే రెండూ కలగలిసి వెనకవాళ్ళకి అంతా మసకబారుతుంది. వరసలో చివర ఉన్న నాకు తాడు కూడా సరిగా కనబడలేదు. కాస్త ముందు అస్థిపంజరం బొమ్మతో, ఇక్కడే ఆగిపొమ్మని చెప్పే బోర్డు ఉంది. గైడ్ దాని పక్కనుంచి లోపలికి మళ్ళాడు. వెనక్కి చూస్తే పగటి వెలుతురు జాడ లేదు. నా ముందున్న ఒకావిడ సిలిండర్‌లో మిగిలిన గాలి చూపే తన గేజ్ చూపించింది, 1500 psi. మూడువేలతో దిగినవాళ్ళు రెండువేలకి రాగానే వెనక్కి తిరగాలి. మూడోవంతు పోవడానికి, మూడోవంతు రావడానికి, మిగతాది ఆపదకి.

టార్చ్ అటూ ఇటూ ఊపి, డైవ్ ముగించమని బొటనవేలు పైకెత్తి చూపించాను. గుహలో ఎవరు ఏ కారణంతో ఆ సైగ చేసినా అందరూ తిరిగి రావలసిందే, ఎదురు ప్రశ్న ఉండదు. గైడ్ ఓకే అని చెయ్యి ఊపి ముందుకే పోయాడు. నేనూ ఆవిడా తాడు పట్టుకుని బయటికి వచ్చేశాం. మిగతా ఐదుగురూ వచ్చేదాకా ఒడ్డున మాకున్న టెన్షన్ అంతా ఇంతా కాదు. క్షేమంగానే వచ్చారు. ‘అందరికీ బానే ఉంది, మీకే భయం’ అన్నాడు గైడ్ పైగా. ఒంటరిగా వెళ్ళినవాళ్ళకి ఇదే చిక్కు. జోడీగా ఇచ్చేది ముక్కూమొహం తెలియని మనిషిని, మన తరఫున గట్టిగా మాట్లాడేవాళ్ళు పక్కన ఉండరు.

మునిగిన గుహల్లో జరిగిన చావుల్ని పరిశీలించి షెక్ ఎక్స్‌లీ అనే అమెరికన్ డైవర్ దశాబ్దాల క్రితమే చెప్పిన కారణాల్లో తాడు వదిలేయడం, మూడోవంతు రూల్ పాటించకపోవడం ఉన్నాయి. అంత ఆరితేరిన మనిషి కూడా 1994లో మెక్సికోలోనే, జకాటోన్ అనే నీటి గుంటలో రికార్డు లోతుకి దిగుతూ చనిపోయాడు.

ఇక బీచ్. ఫొటోలో నీలం నీళ్ళు, ఎదురుగా గోధుమరంగు సర్గాసమ్ నాచు గుట్టలు, కుళ్ళిన కోడిగుడ్డు వాసన. ఏటా ఎండాకాలంలో ఆ తీరానికి అది కొట్టుకొస్తుంది, ప్యాకేజీ అమ్మిన డైవింగ్ షాపువాడికి తెలియకపోదు. ‘ఫ్రీ’ అన్నది లోపలికి రానివ్వడం వరకేనట, కూర్చోవాలంటే ఇంతకు తక్కువ కాకుండా తినాలి, తాగాలి. మెక్సికో చట్టం ప్రకారం అసలు బీచ్ అందరిదీ. నాచు తక్కువ కావాలనుకుంటే ఇస్లా ముహేరెస్ దీవి ఉత్తరపు బీచ్‌కో, కొసుమెల్ దీవి పడమటి వైపుకో వెళ్ళండి.

డబ్బు కట్టకముందే వాట్సాప్‌లో రాతపూర్వకంగా అడగండి: ఏ సెనోటే, గైడ్ ఒక్కొక్కరికి ఎంతమంది, గైడ్ కేవ్ సర్టిఫికేషన్ కార్డు ఏది. కార్డు నంబరు ఇస్తే ఆ ట్రైనింగ్ సంస్థ దగ్గర సరిచూసుకోవచ్చు. మీ డైవింగ్ కార్డు, అనుభవం గురించి ఒక్క ప్రశ్న కూడా అడగని షాపుని అక్కడే వదిలేయండి. మామూలు ట్రావెల్ ఇన్సూరెన్స్ చాలావాటిలో డైవింగ్ ఉండదు, విడిగా తీసుకోండి. వరసగా డైవ్‌లు చేస్తే చివరిదానికీ ఫ్లైట్‌కీ మధ్య కనీసం 18 గంటలు ఉండాలి. నా ప్యాకేజీలో మర్నాడు పొద్దున ఎయిర్‌పోర్టు డ్రాప్ కూడా కలిపి అమ్మారు!

షాపు పేరు రాయడం లేదు, అలాంటిది అక్కడ ఒక్కటే లేదు. సగం డబ్బు పెసోల్లో క్యాష్‌గా అడిగారు, అది పోయినట్టే. కార్డు మీద కట్టిన సగానికి, నలుగురే అని వాళ్ళు రాసిన మెసేజ్ జతచేసి బ్యాంకులో డిస్ప్యూట్ వేశాను. ఇంకా తేలలేదు.