ఊలు సూదులా, క్రోషియా సూదా: ఇంటిపట్టున నలుగురు కలిసి అల్లుకోవడానికి ఏది మేలు?

2020 మార్చి ఆఖర్లో లాక్‌డౌన్ పెట్టినప్పుడు, పటమటలో మా అపార్ట్‌మెంట్ ఆడవాళ్లం కూరగాయల కోసం బాల్కనీలోంచి తాడు కట్టి బుట్టలు దించేవాళ్లం. ఏప్రిల్ సగం తిరిగేసరికి అదే బుట్టలో ఊలు ఉండలు పైకీ కిందికీ తిరగడం మొదలైంది. మూడో అంతస్తు పిన్నిగారిది రెండు సూదులతో అల్లే నిట్టింగ్. కింద ఫ్లాట్ అక్కది పాలకొల్లు వైపు, ఒక్క కొక్కెం సూదితో అల్లే క్రోషియా చిన్నప్పుడే చేతికొచ్చింది. గుంటూరు బ్రోడీపేటలో ఉండే మా వదిన వీడియో కాల్లో కూర్చునేది. నేను రెంటికీ చెడ్డ రేవడిలా రెండూ కొంచెం కొంచెం నేర్చుకున్నాను.

అప్పటి అలవాటు ఇప్పటికీ పోలేదు. కొత్తగా ఎవరైనా చేరతామంటే మొదట అడిగేది, ఏది నేర్చుకోమంటారని. నేను క్రోషియా అంటాను. పిన్నిగారు ససేమిరా ఒప్పుకోరు. ఆవిడ మాటలోనూ పస ఉంది, దాని సంగతి తర్వాత.

నిట్టింగ్‌లో వరుసలో ఉన్న కుట్లన్నీ సూదికే వేలాడుతుంటాయి. పెద్దవాళ్ల స్వెట్టర్ వెనక భాగమంటే వంద కుట్లు. వరుస మధ్యలో కుక్కర్ మూడో కూత వేసిందా, కొరియరబ్బాయి బెల్లు కొట్టాడా, లేస్తే ఒక భయం, లేవకపోతే ఒక భయం. ఒకసారి పిన్నిగారి మనవడు ఆడుకుంటూ సూది లాగేశాడు. జారిన కుట్లు నిచ్చెన మెట్లలా ఆరేడు వరుసలు కిందికి దిగిపోయాయి. వాటిని ఒక్కొక్కటే పైకి తెచ్చేసరికి ఆవిడకి ఆ పూట వంట ఆలస్యమైంది. క్రోషియాలో ఎప్పుడు చూసినా చేతిలో ఉండేది ఒక్కటే ఉచ్చు. దాన్ని కాస్త పెద్దది చేసి వదిలేసి పప్పు తాలింపు పెట్టుకుని రావచ్చు. తప్పు పోయినా దారం లాగి, తప్పు దగ్గర ఆపి, మళ్లీ మొదలెట్టడమే.

ఇక మన ఎండలు. రోహిణి కార్తెలో రోళ్లు పగిలే ఊళ్లో ఒళ్లో సగం అల్లిన స్వెట్టర్ పెట్టుకుని కూర్చోవడం శిక్షే. కరెంటు పోయిందంటే ఊలు చెమటకి వేళ్లకి అతుక్కుంటుంది, కుట్లు సూది మీద జరగవు. క్రోషియా గడి, అంటే చదరపు ముక్క, అరచేతంత. నూలు దారంతో అయితే మే నెలలోనూ హాయిగా చేసుకోవచ్చు.

నలుగురు పంచుకోవడానికి అసలు సౌకర్యం కూడా ఆ గళ్లలోనే ఉంది. ఎవరింట్లో వాళ్లు గళ్లు అల్లి పంపితే చివర్లో ఒకరు కలిపి దుప్పటి చేస్తారు. మా మొదటి దుప్పటికి నలుగురం తలా ఇరవై అల్లాం. తీరా పరిచి చూస్తే పాలకొల్లు అక్క గళ్లు అప్పడాల్లా ఉన్నాయి, వదినవి చేటలు. "ఒకే ఊలు, ఒకే సూది నంబరు, మరిదేంటే?" అంది అక్క. చెయ్యి బిగువే తేడా. ఎవరి చెయ్యి వాళ్లది. వదులు చెయ్యి వాళ్లకి సూది అర మిల్లీమీటరు సన్నది ఇస్తే చాలావరకు సర్దుకుంది. మిగిలిన తేడా నేను సరిచేస్తానని ఒక గడి మీద ఇస్త్రీపెట్టె ఆనించాను. నిమిషంలో అది జావలా వాలిపోయింది. యాక్రిలిక్ ఊలు ప్లాస్టిక్ జాతిది, వేడి తగిలితే పోగులో బిగువు పోతుంది, మళ్లీ రాదు. అప్పట్నుంచి గళ్లు తడిపి, థర్మాకోల్ షీటు మీద గుండుసూదులతో సాగదీసి, ఫ్యాన్ కింద ఆరబెడుతున్నాం. నూలు లేసుకైతే పల్చటి గంజి పెడితే ఇంకా బాగా నిలబడుతుంది.

నిట్టింగ్‌లోనూ ఇలా పంచుకోబోయాం. స్వెట్టర్ ముందు భాగం వదిన, వెనక భాగం పిన్నిగారు. పక్కపక్కన పెడితే రెండంగుళాల తేడా. గడి చిన్నదైతే ఇంకో వరుస తిప్పి సర్దొచ్చు, సగం స్వెట్టర్‌ని ఏం చేస్తాం? విప్పడమే. నిట్టింగ్ ఒక్కచేతి మీద నడవాల్సిన పని.

నమూనాల దగ్గర మాత్రం రెండూ రెండే. అమెరికాలో ఉన్న కూతురు పంపిన కాగితం చూసి పిన్నిగారు 8 నంబరు సూదులతో మొదలుపెడితే టోపీ పసిపిల్లకి కాదు, బొమ్మకి సరిపోయింది. మన దగ్గర 8 నంబరంటే 4 మిల్లీమీటర్లు, అక్కడ 8 అంటే 5. పైగా మన నంబర్లు పెరిగేకొద్దీ సూది సన్నమవుతుంది, వాళ్లవి పెరిగేకొద్దీ లావవుతుంది. క్రోషియాలో ఇంకో చిక్కు: బ్రిటిష్ పుస్తకంలో డబుల్ క్రోషే అని ఉన్నది అమెరికా వీడియోలో సింగిల్ క్రోషే. అందుకే మా గ్రూపులో నంబరు కాదు, మిల్లీమీటర్లు రాయమంటాం, నమూనా ఏ దేశానిదో కూడా.

ఇప్పుడు పిన్నిగారి వాదన. ఒకే సైజు ముక్కకి క్రోషియాకి ఊలు ఎక్కువ పడుతుంది. మా లెక్కలో నిట్టింగ్‌కి 100 గ్రాములైతే దీనికి 130 దాకా. బట్ట మందంగా, బిర్రుగా వస్తుంది. నిట్టింగ్ సాగి ఒంటికి అతుక్కుంటుంది, స్వెట్టరుకీ మేజోళ్లకీ పసివాళ్ల టోపీకీ అదే ఉండాలి. నేను క్రోషియాతో అల్లిన స్వెట్టర్ వేసుకుంటే కవచం తొడుక్కున్నట్టుంది. ఈ విషయంలో ఆవిడదే గెలుపు. కాకపోతే బెజవాడలో స్వెట్టర్ వేసుకునేది సంక్రాంతి ముందు నాలుగు తెల్లవారుజాములు. అల్లినవన్నీ చివరికి షికాగో వెళ్లే సూట్‌కేసుల్లోకే.

ఇంకో తేడా నాకు ఈ మధ్యే తెలిసింది. నిట్టింగ్ యంత్రాన్ని ఇంగ్లండులో విలియం లీ 1589లోనే కనిపెట్టాడు. క్రోషియాని అచ్చంగా చేతి పనిలా అల్లే యంత్రం మాత్రం నేటికీ దుకాణాలకి రాలేదు. అంటే బజార్లో అసలైన క్రోషియా ముక్క కనిపిస్తే ఎవరో మనిషి కూర్చుని అల్లిందే. ఈ మాట ఉత్సాహంగా చెప్తే పాలకొల్లు అక్క నవ్వలేదు. వాళ్ల వైపు క్రోషియాతో అల్లే నరసాపురం లేసుకి 2024లో జీఐ (ఆ ప్రాంతం పేరు మీద ఇచ్చే భౌగోళిక) గుర్తింపు వచ్చింది, పేపర్లో ఫొటోలూ వేశారు. వాళ్లమ్మ మాత్రం దారం కండె లెక్కన కూలికి అల్లేది. "మీకిది కాలక్షేపం. మా ఇంట్లో బియ్యం," అంది. ఆ పూట ఎవరం ఎక్కువ మాట్లాడలేదు.

కొత్తవాళ్లకి నేను చెప్పేది: 4 మిల్లీమీటర్ల క్రోషియా సూది ఒకటి, లేత రంగు ఊలుండ ఒకటి తెచ్చుకోండి. ముదురు రంగులో కుట్లు కనపడవు. బీసెంట్ రోడ్డుకి వెళ్లినప్పుడు టిఫిన్ ఖర్చులో అయిపోతుంది. పది రోజులు టీ కప్పుల కింద పెట్టుకునే గుండ్రాలు అల్లండి. ఇంట్లో కూతురికో కోడలికో చలిదేశంలో పురుడొస్తుందని తెలిస్తే మాత్రం నేరుగా పిన్నిగారి దగ్గరికి వెళ్లండి.

వదిన మా మాట వినకుండా రెండూ ఒకేసారి పట్టింది. పోయిన సంక్రాంతికి మొదలెట్టిన స్వెట్టర్ చేయి ఇంకా సూదుల మీదే ఉంది, కుట్లు జారకుండా కొనలకి రబ్బరు బ్యాండ్లు చుట్టి. పక్కనే తను అల్లిన క్రోషియా గళ్లు పన్నెండు. మాకు రావాల్సినవి ఇంకా ఎనిమిది.