సీక్రెట్ ఆఫ్ మానా: ఒకే ఆట మూడుసార్లు కొన్నాక

‘సీక్రెట్ ఆఫ్ మానా’ అనే వీడియో గేమ్‌ని 2014లో ఆండ్రాయిడ్‌కి వచ్చినప్పుడు ఫోన్‌లో కొన్నాను. తర్వాత పీసీలో 3డీ రీమేక్, ఆ తర్వాత నింటెండో స్విచ్‌లో ‘కలెక్షన్ ఆఫ్ మానా’ అనే మూడు ఆటల సంకలనం. ఒకే ఆటకి మూడుసార్లు డబ్బు పోశావా అని ఇంట్లో ఇప్పటికీ దెప్పుతారు. పోశాను. వాటిలో ఒక్కటే దండగ.

ఈ ఆట 1993 ఆగస్టులో జపాన్‌లో నింటెండో వాళ్ల గేమ్ మెషీన్ సూపర్ ఫామికామ్‌కి వచ్చింది. అక్కడ దాని పేరు ‘సెయ్‌కెన్ దెన్‌సెత్సు 2’. మొదటి భాగం 1991 నాటి గేమ్ బాయ్ ఆట. దాన్ని అమెరికాలో ‘ఫైనల్ ఫాంటసీ అడ్వెంచర్’ అనీ, యూరప్‌లో ‘మిస్టిక్ క్వెస్ట్’ అనీ అమ్మారు. ఇక ఇది దానికి తరువాయి అని బయటివాళ్లకి తెలిసేదెలా? నిజానికి దీన్ని నింటెండో సీడీ డ్రైవ్ కోసం మొదలుపెట్టారు. ఆ డ్రైవ్ బయటికే రాలేదు. దాంతో కోతలు పెట్టి 16 మెగాబిట్ల కార్ట్రిడ్జ్‌లో, అంటే 2 ఎంబీలో, కుక్కారు. ఇంగ్లిష్‌లోకి మార్చడానికి టెడ్ వూల్సీకి ఇచ్చిన గడువు 30 రోజులు. అందుకే సంభాషణలు తెంపేసినట్టు ఉంటాయి. ఇది తెలిశాక వాటి మీద నాకు కోపం పోయింది.

కత్తి ఒకసారి విసిరాక తెర కింద దెబ్బ బలం చూపే శాతం మళ్లీ 100కి చేరేదాకా ఆగాలి. ఆత్రంగా బటన్ బాదితే ఆ పసుపుపచ్చ కుందేలు బొమ్మ, రాబైట్‌కి, చీమ కుట్టినట్టు కూడా ఉండదు. మొదటిరోజు విసుగొచ్చింది. వారం తిరిగేసరికి ఆ ఆగడంలోనే మజా దొరికింది.

ఫోన్‌లో శత్రువులు నా బొటనవేలి కిందే దాక్కునేవారు. బస్సులో కాలక్షేపానికి ఫరవాలేదు గానీ ఒక్కరే ఆడాలి. ఫోన్ మార్చినప్పుడు సేవ్ మొత్తం పోయింది. అప్పటికి ఫ్లామీ అనే ఎగిరే డ్రాగన్ వీపెక్కి ప్రపంచమంతా ఎగురుతున్నాను! బ్యాకప్ తీసుకోని తప్పు నాదే.

2018 ఫిబ్రవరి నాటి రీమేకే ఆ దండగ. ఆటోసేవ్ పెట్టారు, గొంతులు పెట్టారు, కానీ మాట్లాడేటప్పుడు పెదవులు కదలవు. మూలనున్న చిన్న మ్యాప్‌లో మాత్రం పాత బొమ్మలే ఉంచారు. నా చూపు మాటిమాటికీ అటే పోయేది. సంగీతాన్ని గంటలోపే సెట్టింగ్స్‌లో మొదటి ఆట సంగీత దర్శకుడు హిరోకి కికుటా పాత బాణీలకి మార్చేశాను.

‘కలెక్షన్’ జపాన్‌లో 2017లో, మనకి 2019లో వచ్చింది. పాత ఆటే, ఎక్కడైనా సేవ్ చేసుకోవచ్చు. 1995లో జపాన్‌లోనే ఆగిపోయిన మూడో భాగం కూడా ఇందులో తొలిసారి అధికారికంగా ఇంగ్లిష్‌లో దొరికింది. అయితే పాత జబ్బులూ అలాగే ఉన్నాయి. కంప్యూటర్ నడిపే తోడు పాత్ర ఏ చెట్టు వెనకో ఇరుక్కుంటే తెర ముందుకి జరగదు. వెనక్కెళ్లి తోలుకురావాలి.

దీనికి మందు మనుషులే. ముగ్గురు కలిసి ఆడొచ్చు కాబట్టి మా అమ్మాయికి మంత్రాలు వేసే స్ప్రైట్ పాత్రనీ, మా తమ్ముడి కొడుక్కి రెండో పాత్రనీ ఇచ్చాను. ఇప్పుడెవరూ చెట్ల వెనక చిక్కుకోవడం లేదు. కాకపోతే మంత్రాలు, ఆయుధాలు ఎంచుకునే రింగ్ మెనూని ఎవరు తెరిచినా ఆట అందరికీ ఆగిపోతుంది. నా శాతం 100కి వచ్చి కత్తి ఎత్తేసరికి, సరిగ్గా అప్పుడే మా అమ్మాయికి మంత్రం గుర్తొస్తుంది.