ఏటా ఆడాలా, అప్పుడప్పుడా?

అమెరికా కాలేజీ ఫుట్‌బాల్‌లో (మన ఫుట్‌బాల్ కాదు, కోలగా ఉండే బంతితో ఆడేది) ఒకే రాష్ట్రపు జట్లు ఏటా తలపడాలా? నా ఓటు ఏటా ఆటకే.

అలబామా రాష్ట్రంలోని రెండు యూనివర్సిటీల జట్లు, అలబామా, ఆబర్న్, 1948 నుంచి ఏటా ఆడుతున్నాయి. ఓడినవాళ్లకు ఏడాదంతా ఇంట్లో, ఆఫీసులో ఎత్తిపొడుపులే. అయినా కసి తీర్చుకునే రోజు ఖాయం.

టెక్సస్ రాష్ట్రం కథ వేరు. అక్కడి టెక్సస్, టెక్సస్ ఏ అండ్ ఎం యూనివర్సిటీల మధ్య 1894లో మొదలైన పోరు, ఏ అండ్ ఎం 2012లో వేరే లీగ్‌లో చేరడంతో ఆగిపోయింది. మళ్లీ 2024లో ఆడితే టెక్సస్ 17-7తో గెలిచింది. విరామంతో ఆకలి పెరుగుతుంది, షెడ్యూల్లో ఇతర జట్లకీ చోటు దొరుకుతుంది, సరే. కానీ 2012లో చేరిన కుర్రాళ్లు నాలుగేళ్ల డిగ్రీలో ఈ మ్యాచ్ ఒక్కటీ చూడలేదు.