స్మోకీస్‌లో గాట్లిన్‌బర్గ్ వదిలేసి కాస్బీ వైపు వెళ్ళాం

స్మోకీస్, అంటే గ్రేట్ స్మోకీ మౌంటెన్స్ నేషనల్ పార్క్ అనగానే ఇక్కడ అమెరికాలో మనవాళ్ళందరూ పార్క్ పక్కనే ఉన్న టూరిస్టుల ఊరు గాట్లిన్‌బర్గ్‌లో హోటల్ బుక్ చేసేస్తారు, మేమూ రెండుసార్లు అదే చేశాం. అట్లాంటా నుంచి నాలుగైదు గంటలు డ్రైవ్ చేసి వెళ్ళి, అక్కడ మళ్ళీ ట్రాఫిక్‌లోనే కూర్చోవడమేంటని ఈసారి నేను పట్టుబట్టాను. పార్క్‌కి ఈశాన్యం మూల కాస్బీ అని ఉంది, గాట్లిన్‌బర్గ్ నుంచి ఓ 20 మైళ్ళు. అక్టోబర్ ఆఖరి వారం, అదీ మంగళవారం పెట్టుకున్నాం.

ముందు క్యాబిన్ సంగతి చెప్పేస్తా. ఫొటోల్లో చూపించిన వ్యూ నిజమే, కానీ పైకి వెళ్ళే కంకర దారి ఎంత ఏటవాలుగా ఉందో ఎక్కడా రాయలేదు, మా సెడాన్ చక్రాలు రెండుసార్లు జారాయి, మా ఆయన మొహంలో నెత్తురు చుక్క లేదు. క్లీనింగ్ ఫీజు దాదాపు ఒక రాత్రి అద్దెంత. అయినా కిచెన్ ఉంది కాబట్టి రైస్ కుక్కర్ పట్టుకెళ్ళిన వాళ్ళకి హోటల్ కన్నా ఇదే నయం, పొద్దున్నే పులిహోర కలిపి డబ్బాలో సర్దేశాను.

పార్క్‌కి ఎంట్రీ ఫీజు లేదు గానీ 2023 మార్చి నుంచి 15 నిమిషాలకి మించి కారు ఆపితే పార్కింగ్ ట్యాగ్ ఉండాలి, రోజుకి 5 డాలర్లు, వారానికి 15. ఫోన్లో చూపిస్తే కుదరదు, కాగితం కారులో కనపడేలా పెట్టాలి. మా ఆయన స్క్రీన్‌షాట్ తీసుకుని ధీమాగా కూర్చున్నాడు, ముందురోజు రాత్రి ప్రింటర్ కోసం ఊరంతా తిరిగాం.

మేం వెళ్ళింది గేబ్స్ మౌంటెన్ ట్రయిల్‌లో హెన్ వాలో ఫాల్స్ దాకా, రానూపోనూ 4.4 మైళ్ళు. పిక్నిక్ ఏరియా ఎదురుగా మొదలవుతుంది. ఎక్కుడే కానీ మరీ ప్రాణం తీసేది కాదు, మోకాళ్ళు నొప్పులున్న నేనే ఎక్కాను. వాగులు దాటాలి, రాలిన ఆకుల కింద రాళ్ళు కనపడవు కాబట్టి మామూలు స్నీకర్స్ వద్దు. రోడోడెండ్రాన్ పొదల మధ్య దారి సొరంగంలా ఉంటుంది, అది దాటగానే పైనంతా పోప్లార్ పసుపు, మధ్యమధ్యలో మేపుల్ ఎరుపు, కాసేపు ఇద్దరం ఏం మాట్లాడుకోలేదు. బూడిద రంగులో ఎండి నిలబడ్డవి హెమ్లాక్ చెట్లు, అడెల్జిడ్ అనే చిన్న పురుగు వీటిని తినేసింది, చూస్తే బాధేస్తుంది. ఈ ఆకుల గురించి ఫోన్లో చెప్తే మా అమ్మ 'దసరా వెళ్ళి నాలుగు రోజులు కాలేదు, ఆకులు రాలడమేంటే, అది శిశిరంలో కదా' అంది. మనకి శరత్తంటే వెన్నెలే మరి.

దారి మొత్తమ్మీద ఎదురైంది ఆరుగురు. ఎలుగుబంట్లు ఈ సీజన్‌లో ఓక్ కాయల కోసం తిరుగుతుంటాయి, కనపడితే 50 గజాల దూరం పాటించాలి. ఒకచోట పొదల్లో గలగలమంటే మా ఆయన స్టీల్ డబ్బా మీద గరిటెతో వాయించడం మొదలెట్టాడు, తీరా చూస్తే ఉడత.

ఫాల్స్ 90 అడుగులు, పైన రెండడుగుల వెడల్పే, కిందికొచ్చేసరికి 20 అడుగులు విచ్చుకుంటుంది. మేం వెళ్ళినప్పుడు నీళ్ళు సన్నగా ఉన్నాయి, జలపాతం కోసమే అయితే వానలు పడ్డాక వెళ్ళండి. కిందికి దిగే చివరి ముక్క నిటారుగా ఉంది, నేను సగం కూర్చునే దిగాను.

కాస్బీలో లేనివి కూడా చెప్పాలి. పార్క్ లోపల సిగ్నల్ దాదాపు రాదు, మ్యాప్ ముందే డౌన్‌లోడ్ చేసుకోండి. తినడానికి పెద్దగా ఏమీ దొరకదు. చిన్నపిల్లలుంటే సాయంత్రం ఏం చెయ్యాలో తోచదు, వాళ్ళకి గాట్లిన్‌బర్గే కరెక్టు. రంగుల కోసం అక్టోబర్ మొదట్లో వచ్చేవాళ్ళు 5,046 అడుగుల ఎత్తులో ఉన్న న్యూఫౌండ్ గ్యాప్ వైపు వెళ్ళాలి, అప్పటికి ఇక్కడ కింద ఇంకా పచ్చగానే ఉంటుంది.

తిరిగొస్తూ ఫుట్‌హిల్స్ పార్క్‌వే అనే కొండల వ్యూ రోడ్డు తూర్పు ముక్క ఎక్కాం, ఆరు మైళ్ళే. ఒక ఓవర్‌లుక్ దగ్గర కారు ఆపితే మాదొక్కటే కారు. మిగిలిన పులిహోర, ఫ్లాస్క్‌లో టీ అక్కడే ఖాళీ చేసి, చీకటి పడకముందే ఆ కంకర దారి ఎక్కెయ్యాలని గబగబా బయల్దేరాం.