శ్రీకాకుళం నుంచి ఆడేవాళ్లకు ఏ ఎంఎంఓ మేలు?

ఎంఎంఓఆర్‌పీజీ (వేలమంది ఒకే ప్రపంచంలో కలిసి ఆడే ఆన్‌లైన్ ఆట, పొట్టిగా ఎంఎంఓ) ఎంచుకునేటప్పుడు చాలామంది గ్రాఫిక్స్ ఎలా ఉన్నాయి, కథ బాగుందా అని అడుగుతారు. శ్రీకాకుళం, విజయనగరం నుంచి ఆడేవాళ్లు ముందు అడగాల్సినవి వేరు. సర్వర్ ఏ ఊళ్లో ఉంది? అక్కడ జనం చేరే వేళకు మనకు టైమెంత? కొట్లాట మధ్యలో కరెంటు పోతే ఏం పోతుంది? పరీక్షలకో పెళ్లిళ్లకో ఒక నెల మానేస్తే ఎంత వెనకబడతాం?

పింగ్‌తో, అంటే మీరు నొక్కింది సర్వర్‌కు చేరి జవాబు తిరిగొచ్చే సమయంతో, మొదలుపెడదాం. మంచి ఫైబర్ లైను మీద మన జిల్లాల నుంచి సింగపూర్‌కు సుమారు 60 నుంచి 100 మిల్లీసెకన్లు, లండన్, ఫ్రాంక్‌ఫర్ట్‌లకు 150 నుంచి 200, అమెరికాకు 250 పైన పడుతుంది. ఈ అంకె ఒక్కటే చూసి నిర్ణయించకూడదు, ఆట గడియారం ఎంత నెమ్మదిగా నడుస్తుందో కూడా చూడాలి. ఓల్డ్ స్కూల్ రూన్‌స్కేప్ సర్వర్ 0.6 సెకనుకు ఒక టిక్ కొడుతుంది, మీరు నొక్కింది ఆ తర్వాతి టిక్‌లో జరుగుతుంది. ఈవ్ ఆన్‌లైన్‌లో టిక్ ఏకంగా ఒక సెకను. సర్వర్ లండన్‌లో ఉన్నా, 180 మిల్లీసెకన్ల ఆలస్యం ఆ సెకనులోనే కలిసిపోతుంది. వేలమంది ఒకేచోట యుద్ధానికి దిగితే సర్వరే ఆటను పదో వంతు వేగం దాకా నెమ్మదింపజేస్తుంది. అప్పుడు లండన్ కుర్రాడూ టెక్కలి కుర్రాడూ ఒకటే.

గిల్డ్ వార్స్ 2 దీనికి పూర్తి విరుద్ధం. అందులో డాడ్జ్ కొడితే (పక్కకు దొర్లితే) దెబ్బ తగలకుండా ఉండేది ముప్పావు సెకనే. వెంటవెంటనే రెండుసార్లు కొట్టేస్తే శక్తి నిండేదాకా ఆగాలి. యూరప్ సర్వర్ మీద 180 పింగ్‌తో ఆడుతుంటే, బాస్ (పెద్ద శత్రువు) చెయ్యెత్తాక దొర్లితే ఆలస్యమే. బాస్ కదలికల వరస బట్టీ పట్టి ముందే దొర్లాలి.

ఫైనల్ ఫాంటసీ 14 పైకి నెమ్మదిగా కనిపిస్తుంది. ఒక పెద్ద దెబ్బకూ మరోదానికీ మధ్య 2.5 సెకన్లు ఉంటుంది. ఆ సందులో రెండు చిన్న దెబ్బలు దూర్చాలి, మెలిక అక్కడే ఉంది. నొక్కిన ప్రతిసారీ సుమారు 0.6 సెకను పాత్ర లాకైపోతుంది, దాని మీద మీ పింగ్ కలుస్తుంది. పింగ్ 200 అయితే మూడు దెబ్బలకూ కలిపి 2.4 సెకన్లు. ఇంకో 50 పెరిగిందంటే తర్వాతి పెద్ద దెబ్బ వెనక్కి జరుగుతుంది. నింజా, మెషినిస్ట్ పాత్రలు ఆడేవాళ్లకు ఈ బాధ ఎక్కువ, వైట్ మేజ్‌కు తక్కువ. ఇంకోటి. నేల మీద ప్రమాద వలయం పడినప్పుడు, మీరు లోపలున్నారా బయటున్నారా అన్నది సర్వర్ చూసేది మంట కనిపించినప్పుడు కాదు, బాస్ క్యాస్ట్ బార్ (దెబ్బ సిద్ధమవుతోందని చూపే గీత) నిండినప్పుడే. బయటకొచ్చేశాక కూడా ఎందుకు తగిలిందని కొత్తవాళ్లు తల పట్టుకునేది ఇందుకే.

వరల్డ్ ఆఫ్ వార్‌క్రాఫ్ట్‌లో తర్వాతి స్పెల్‌ను (మంత్రాన్ని) 0.4 సెకను ముందే నొక్కి వరసలో పెట్టుకోవచ్చు, కాబట్టి 200 పింగ్‌తోనూ నడిచిపోతుంది.

ఏ ఆటకైనా ఎక్కువ పింగ్ కన్నా నిలకడలేని పింగే చేటు. రాత్రి ఎనిమిది, తొమ్మిది మధ్య కమాండ్ ప్రాంప్ట్‌లో వంద పింగ్‌లు పంపి చూడండి. కనిష్ఠానికీ గరిష్ఠానికీ తేడా 30 లోపు ఉండాలి, లాస్ (దారిలో పోయిన పింగ్‌లు) సున్నా ఉండాలి. తేడా వంద దాటితే ముందు వైఫై వదిలి లాన్ వైరు పెట్టి మళ్లీ చూడాలి. ఫోన్ హాట్‌స్పాట్ మీద ఈ పరీక్ష నెగ్గడం కష్టం.

ఇక కరెంటు పోతే? గిల్డ్ వార్స్ 2లో పోయేదేమీ లేదు, మళ్లీ వచ్చి ఆడుకోవచ్చు. ఫైనల్ ఫాంటసీ డంజన్‌లో (చిన్న జట్టుగా వెళ్లే శత్రువుల స్థావరంలో) ఉండేది నలుగురే. దెబ్బలు కాచే ట్యాంక్ ఒకరు, గాయాలు మాన్పే హీలర్ ఒకరు, దెబ్బలు కొట్టే డీపీఎస్ ఇద్దరు. తిరిగి లాగిన్ అయితే అదే డంజన్‌లోకి రావచ్చు గానీ, ఆ ఒక్క హీలర్ మీరే అయితే ఈలోగా మిగతా ముగ్గురూ చచ్చి ఉంటారు. కాబట్టి లైను మీద నమ్మకం లేనివాళ్లు డీపీఎస్ తీసుకోవాలి. ఓల్డ్ స్కూల్ రూన్‌స్కేప్‌లో మామూలుగా చస్తే విలువైన మూడు వస్తువులు మీ దగ్గరే ఉంటాయి, మిగతావి సమాధి దగ్గర 15 నిమిషాలు ఆగుతాయి. ఒకే ప్రాణంతో ఆడే హార్డ్‌కోర్ ఐరన్‌మ్యాన్ పద్ధతి జోలికి మాత్రం పోవద్దు. లైను తెగి చచ్చినా చావే, ఆ హోదా పోయినట్టే.

అల్బియాన్ ఆన్‌లైన్‌లోనే అసలు భయం. ఎల్లో జోన్‌లో పడిపోతే సరుకు అరుగుతుందంతే. రెడ్, బ్లాక్ జోన్లలో చస్తే ఒంటి మీదున్నదీ సంచిలో ఉన్నదీ మొత్తం పోతుంది. కొంత విరిగిపోతుంది, మిగతాది చంపినవాడిది. లైను తెగినా మీ బొమ్మ కాసేపు అక్కడే నిలబడి ఉంటుంది. మళ్లీ కొనుక్కోగలిగిన సెట్టే వేసుకుని అటు వెళ్లాలి. ఈవ్‌లో లైను తెగితే ఓడ తనంతట తాను దూరంగా పారిపోయి మాయమవడానికి చూస్తుంది. కానీ అప్పటికే మరో ఆటగాడితో కాల్పులు జరిపి ఉంటే 15 నిమిషాల దాకా ఓడ కనిపిస్తూనే ఉంటుంది.

రౌటర్‌కు చిన్న 12 వోల్టుల యూపీఎస్, పక్కన ల్యాప్‌టాప్ ఉంటే చాలా కోతలు దాటేయొచ్చు. కొనేముందు రౌటర్ అడాప్టర్ మీద ఒక ఆంపియర్ రాసుందో రెండో చూడాలి. మీ వీధి కేబుల్ ఆపరేటర్ దగ్గర బ్యాకప్ లేకపోతే ఇదంతా దండగే, అడిగి కొనండి.

టైము సంగతి చాలామంది పట్టించుకోరు. సిడ్నీలో రాత్రి ఎనిమిదంటే మనకు మధ్యాహ్నం మూడున్నర, అక్కడి ఎండాకాలంలో రెండున్నర. కాలేజీ, ఆఫీసు ఉన్నవాళ్లకు వార్‌క్రాఫ్ట్ ఓషియానిక్ (ఆస్ట్రేలియా వైపు) సర్వర్లలో రెయిడ్లు, అంటే పెద్ద జట్టుతో బాస్‌ల మీద దాడులు, కుదరవు. యూరప్‌లో రాత్రి ఎనిమిదంటే మనకు పదకొండున్నర లేదా పన్నెండున్నర. మూడు గంటల రెయిడ్ ముగిసేసరికి పాలవాడొచ్చే వేళవుతుంది. కఠినమైన మిథిక్ రెయిడ్‌కు 20 మంది కావాలి, వారం వారం రాకపోతే మీ చోటు ఇంకొకరికి పోతుంది. గిల్డ్ వార్స్ 2లో పెద్ద బాస్‌లు గడియారం ప్రకారం వస్తాయి. టెక్వాట్ల్ అనే డ్రాగన్ మన టైము ప్రకారం సాయంత్రం 5, రాత్రి 9.30, మళ్లీ 12.30కి దిగుతుంది. ముందే గిల్డ్ (ఆటగాళ్ల సంఘం) అక్కర్లేదు, పదిహేను నిమిషాల ముందు వెళ్లి నిలబడితే చాలు. అల్బియాన్ ఆసియా సర్వర్ 2023లో వచ్చాక సాయంత్రం అయిదున్నరకే జనం నిండుతారు.

నెల మానేసి వచ్చేవాళ్లకు గిల్డ్ వార్స్ 2ను మించింది లేదు. 2012 నుంచీ గరిష్ఠ లెవెల్ 80 దగ్గరే ఆగింది, 2013లో చేసుకున్న అసెండెడ్ (పై తరగతి) గేర్, అంటే ఆయుధాలు, కవచాలు, ఇప్పటికీ పనికొస్తుంది. వార్‌క్రాఫ్ట్‌లో కొత్త సీజన్ వస్తే పాత గేర్ చాలా వరకు చెత్తబుట్టకే. పైగా నెలకు 14.99 డాలర్ల చందా. 2018 అక్టోబరులో తిత్లీ తుపాను వచ్చినప్పుడు ఉద్దానం పల్లెలు రోజుల తరబడి చీకట్లో ఉన్నాయి. అలాంటప్పుడు చందా మీ కోసం ఆగదు.

ఫోన్ మాత్రమే ఉంటే రూన్‌స్కేప్, అల్బియాన్ రెండే మిగులుతాయి. పీసీ ఉన్నా నెట్ ఫోన్‌దే అయితే, రోజుకు 1.5 జీబీ ప్యాక్ మీద 100 జీబీ ఆట దించాలంటే 67 రోజులు పడుతుంది మరి. ఆ రెండింటిలో ఒంటరిగా ఆడేవాళ్లకు రూన్‌స్కేప్, నలుగురు స్నేహితులుంటే అల్బియాన్. పీసీ, ఫైబర్ ఉంటే గిల్డ్ వార్స్ 2 దించుకోండి, అసలు ఆట ఉచితమే. కథ కావాలంటే ఫైనల్ ఫాంటసీ ఉచిత ట్రయల్ లెవెల్ 70 దాకా ఉంది. మార్కెట్ బోర్డు (ఆటగాళ్లు వస్తువులు అమ్ముకునే చోటు) వాడనివ్వదు, గిల్ (ఆటలోని డబ్బు) మూడు లక్షలు దాటనివ్వదు, ఇలాంటి ఆంక్షలున్నాయి. ట్రయల్ పూర్తిగా అయిపోయేదాకా డబ్బు కట్టొద్దు. ఒకసారి కొన్నాక ఆ ఖాతా మళ్లీ ట్రయల్‌కు రాదు, ఆపైన నెలనెలా చందాయే. స్టీమ్ అనే ఆటల ఆన్‌లైన్ దుకాణంలో కొంటే తర్వాతి ఎక్స్‌పాన్షన్లూ (ఆటకు వచ్చే అదనపు భాగాలూ) స్టీమ్‌లోనే కొనాలి. డాలర్లలో కట్టేవాటికి ముందు బ్యాంకు యాప్‌లో కార్డుకు అంతర్జాతీయ లావాదేవీలు ఆన్ చేయాలి, అయినా ఆటో రెన్యువల్ తరచూ ఆగిపోతుంది. గడువు తేదీ ఫోన్‌లో రిమైండర్ పెట్టుకుని ఏ నెలకానెల చేత్తో కట్టుకోవాలి.