రొటీన్ అంటే దినచర్య ఒక్కటేనా?

ఈ ఇంగ్లీష్-తెలుగు డిక్షనరీ యాప్ రెండు నెలలుగా వాడుతున్నాను. ఐదుకి మూడు స్టార్లు. నెట్ లేకపోయినా పనిచేస్తుంది, ఉచ్చారణ బాగా వినిపిస్తుంది. గొడవంతా అర్థాల దగ్గరే.

మా అత్తయ్యకు డాక్టర్ ఇచ్చిన చీటీలో 'రొటీన్ టెస్ట్' అని రాసుంది. యాప్‌లో చూస్తే ఒకటే మాట: దినచర్య. అదే చదివి వినిపించాను. "అంటే రోజూ రక్తం తీస్తారా?" అని ఆవిడకు ఒకటే టెన్షన్! అక్కడ అర్థం 'మామూలుగా చేసేది, కంగారు పడాల్సింది కాదు' అని. పొద్దున లేవడం, పళ్లు తోముకోవడం, వాకింగ్, ఇలా రోజూ వరసగా చేసే పనులకైతే దినచర్య సరిపోతుంది. జిమ్నాస్ట్ చేసే రొటీన్‌కి? అది ముందే కూర్చుకున్న విన్యాసాల వరస. ప్రోగ్రామింగ్‌లోనూ రొటీన్ ఉంది, ఒక పని చేసిపెట్టే కోడ్ ముక్క. ఇవేవీ యాప్‌లో లేవు.

ఇక మనం 'రొటీన్ కథ' అంటే తిట్టినట్టే, పాత చింతకాయ పచ్చడి అని. దినచర్య అనే మాటలో ఆ విసుగు వినిపించదు కదా.

మాట పుట్టుక మాత్రం చక్కగా ఇచ్చారు: ఫ్రెంచ్‌లో 'రూట్' అంటే దారి, దాన్నుంచే రొటీన్. ఆ ఒక్క లైను కోసమే మూడో స్టార్. ఉదాహరణ వాక్యాలు చేర్చితే ఇంకోటి ఇస్తాను.